ఒరిగి కూర్చునే సైకిలు: కొల్లేటి రోడ్లకు ఎందుకు? ఎలా?

మధ్యాహ్నం దాటాక ఏలూరు నుంచి కైకలూరు వైపు సైకిలు తొక్కినవాళ్లకు ఎదురుగాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. పెదయడ్లగాడి వంతెన చేరేసరికి అటూ ఇటూ నీళ్లే, సముద్రం వైపు నుంచి గాలే. ఎత్తుపల్లాలు లేని ఈ నేల మీద కాళ్లకు అసలు బరువు ఆ గాలే.

అంత బరువెందుకు? గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, ఎదురుగా అంతే వేగంతో గాలి వీచిందనుకోండి. ఒంటికి తగిలేది 30 కిలోమీటర్ల గాలి. గాలి లేని రోజుకంటే అడ్డు నాలుగు రెట్లు. మామూలు సైకిలు మీద ఛాతీ తెరచాపలా దాన్నంతా పట్టుకుంటుంది. వీపు వెనక్కి వాల్చి, కాళ్లు ముందుకు చాపితే గాలికి ఎదురుపడే ఒళ్లు తగ్గుతుంది. మర్మమంతా అంతే.

ఇది 1933లోనే రుజువైంది. ఫ్రాన్సులో షార్ల్ మోషే చేసిన వెలోకార్ అనే ఒరిగి కూర్చునే సైకిలు మీద ఫ్రాన్సిస్ ఫోర్ పారిస్‌లో ఒక గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నుంచి నిలిచిన ఆస్కార్ ఎగ్ గంట రికార్డును దాటేశాడు. పైగా ఫోర్ మొదటి వరస పోటీదారు కాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఇలాంటి సైకిళ్లను తన పోటీల్లోంచి తప్పించింది. ఈనాటికీ అవి మన దుకాణాల్లో కనిపించకపోవడానికి ఆ నిర్ణయమే పెద్ద కారణమని నా నమ్మకం. అది అన్యాయం కూడా.

మరి మన రోడ్డుకి ఏది? పూర్తిగా పడుకునేది వద్దు. చేపల లారీలు తిరిగే దారిలో, తాడేపల్లిగూడెం దగ్గర జాతీయ రహదారి మీద అయితే మరీనూ, డ్రైవరు కంట పడటం ముఖ్యం. సగం ఒరిగేది మేలు. సీటు కుర్చీ ఎత్తులో, పెడల్స్ కాస్త కిందగా, ముందుకు. ఆగితే రెండు కాళ్లూ నేలకి ఆనుతాయి. గాలి లాభం కొంత పోతుంది, పోనివ్వండి.

చేయించుకోవడం ఎలా? వెనక పాత సైకిలు చక్రం, ముందు పిల్లల సైకిలు 20 అంగుళాల చక్రం, మధ్యలో పొడవాటి గొట్టం. గేట్లు, గ్రిల్స్ చేసే చేతికి పల్చటి సైకిలు గొట్టం కొత్త, కాలి చిల్లు పడుతుంది. గ్యాస్ వెల్డింగ్ బాగా తెలిసినవాళ్లని వెతకండి. మామూలు చైను నాలుగున్నర అడుగుల పైచిలుకు. ఇక్కడ రెండున్నర, మూడు చైన్లు కలపాల్సి వస్తుంది. చైను పైవరస బిగువుగా లాగుతుంది కనుక దాన్ని వీలైనంత తిన్నగా పోనివ్వాలి. తప్పక వంచాల్సొస్తే బేరింగున్న పళ్ల చక్రం పెట్టాలి. సీటుకి స్పాంజి వద్దు, ఈ ఉక్కపోతలో చెమటకి నానిపోతుంది. చట్రానికి నవారు అల్లిస్తే వీపుకి గాలి ఆడుతుంది. గేర్లు మాత్రం తప్పనిసరి. ఈ సైకిలు మీద లేచి నిలబడి తొక్కలేం, కాలవ వంతెన ఎక్కాలన్నా, చెరువు గట్టు ఎక్కాలన్నా గేరే దిక్కు.

సీటు ఖాయం చేసేముందు కొలత చూసుకోండి. వీపు ఆనించి కూర్చుని, పెడల్ అన్నిటికంటే దూరంగా ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా రావాలి. అప్పుడు ముంగాలితో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది. ఇదెందుకంత ముఖ్యమంటే, వెనక సీటు ఆసరా ఉంది కాబట్టి ఒంటి బరువుని మించిన జోరుతో తన్నగలం. ఆ దెబ్బ మోకాళ్లకి తగులుతుంది. చిన్న గేరులో తేలిగ్గా, చకచకా తిప్పడం అలవాటు చేసుకోవాలి.

మొదట ఖాళీ కళ్లంలో నేర్చుకోండి. హ్యాండిలు బిగించి పట్టకండి, చూపు చక్రం మీద కాకుండా దూరంగా ఉంచండి. గుంత వస్తే ఒళ్లు పైకి లేపలేరు కనుక లావు టైర్లు వేయించి, ముందే నెమ్మదించాలి. వెనక్కి తిరిగి చూడటం కూడా కష్టమే. అందుకే రెండు వైపులా అద్దాలు, వెనక పొడవాటి కర్రకి ఎర్రజెండా పెట్టించాకే రోడ్డెక్కండి.