బొగ్గు ఒక చోట, భారం వేరొక చోట

"మాకు మోటారు లేదు, మిల్లు లేదు. ఉన్నది రెండు బల్బులు, ఒక ఫ్యాను. బొగ్గు ధర పెరిగితే మాకేంటి?" కూలీల సమావేశాల్లో మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది. అడగవలసిన ప్రశ్నే. బొగ్గు ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ మండుతుందో చూస్తేనే దీనికి జవాబు తెలుస్తుంది.

మన దేశంలో తయారయ్యే కరెంటులో నూటికి 70 పాళ్ళకు పైగా బొగ్గుదే. ఆ బొగ్గు ఎక్కువగా జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలో ఉన్నది. దక్షిణాదికి గోదావరి లోయలోని సింగరేణే పెద్ద దిక్కు. కేరళలో బొగ్గు విద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు. నీటి కరెంటు చాలనప్పుడు బయట కొనుక్కుంటారు. అందులో బొగ్గు కరెంటు కూడా ఉంటుంది. అంటే వెలుగు ఒక రాష్ట్రానిది, పొగ ఇంకో రాష్ట్రానిది.

మన తెలుగు నేల మీదే తేడా చూడండి. రామగుండం, జైపూర్, పాల్వంచ కేంద్రాలు సింగరేణి గనుల చెంతనే ఉన్నాయి. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నానికి ఒడిశాలోని తాల్చేరు నుంచి కూడా రైళ్ళు రావాలి. ముద్దనూరు దగ్గరి రాయలసీమ కేంద్రానికి చుట్టుపక్కల గనే లేదు. వందల కిలోమీటర్లు మోసుకు రావలసిందే. కృష్ణపట్నం కేంద్రాన్నయితే ఒడిశా బొగ్గుతో పాటు విదేశీ బొగ్గు కూడా కలిపి మండించేలా సముద్రం ఒడ్డున కట్టారు.

మన బొగ్గులో నూటికి 30, 40 పాళ్ళు బూడిదే. వంద బస్తాల బొగ్గు రైలెక్కితే ముప్పయి నలభై బస్తాల బూడిదకు కూడా మనం కిరాయి కడుతున్నామన్నమాట!

2022లో బొగ్గుకు కొరత వచ్చింది. నూటికి 10 పాళ్ళు విదేశీ బొగ్గు కలపమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. అప్పుడు దాని ధర దేశీ బొగ్గుకు ఎన్నో రెట్లు. ఇలాంటి ఖర్చే సర్దుబాటు ఛార్జీ పేరుతో తర్వాత బిల్లుల్లోకి ఎక్కుతుంది. ఆ ఏప్రిల్‌లోనే ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు చాలక పరిశ్రమలకు వారంలో ఒక రోజు అదనపు సెలవు పెట్టారు. సెలవు ఫ్యాక్టరీకి, పస్తు కూలీకి. పల్లెలో అయినా అంతే. మోటారు ఆగితే నాటు ఆగుతుంది, నాటు ఆగితే కూలి ఆగుతుంది. మోటారు లేనివాళ్ళకూ బొగ్గుతో పని ఉన్నది!

మరి గనుల దగ్గరివాళ్ళు సుఖపడుతున్నారా? అదీ లేదు. ఓపెన్ కాస్టు కింద ఊళ్ళు పోతాయి. పట్టా ఉన్న రైతుకు ఎంతో కొంత పరిహారం వస్తుంది. అదే చేలో తరాలుగా కలుపు తీసిన కూలీ పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఆ తర్వాత దుమ్ము, బూడిద మాత్రం అందరికీ సమానంగా పంచుతారు.

అయితే చట్టం ఒక మాట చెప్పింది. భూసేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ దాని మీదే బతికిన భూమిలేని కూలీ కుటుంబాలు కూడా బాధిత కుటుంబాలేనని 2013 భూసేకరణ చట్టంలో ఉన్నది. బొగ్గు భూములకు వేరే చట్టం ఉన్నా, పునరావాసం నియమాలు 2015 నుంచి వాటికీ వర్తిస్తాయి. ఈ సంగతి ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. సర్వే మొదలయ్యే నాడే కూలీల జాబితా రాయించాలి, గ్రామసభలో చదివించాలి.

సీమ కూలీకి, సింగరేణి కూలీకి తగవు లేదు. ఒకరు బిల్లు మోస్తున్నారు, ఒకరు బూడిద మోస్తున్నారు. ఇద్దరూ కలిసి లెక్క అడిగిన రోజున జవాబు చెప్పక తప్పదు.