మంచు తేలిక... కొబ్బరాకు బరువు!

మీకు తెలుసా? తెల్లవారుజామున గోదావరి మీద మంచును ఒక ఫొటో తీయండి. అదే ఫోన్‌తో కోనసీమ కొబ్బరితోటనూ ఒకటి తీయండి. కొలతలు ఒకటే! కానీ జేపెగ్ ఫైలు అయ్యేసరికి మంచు తేలిగ్గా ఉంటుంది, తోట బరువెక్కిపోతుంది! ఎందుకో చెప్పనా? జేపెగ్ ఫొటోను గళ్ల లుంగీలా చిన్నచిన్న గళ్లు చేస్తుంది. ఒక్కో గడిలో 64 పిక్సెళ్లు. మంచు గడిలో చెప్పడానికేముంది? ఒక్క ముక్కలో తేలిపోతుంది! కొబ్బరాకు గడిలో అలా కాదు. ఈనె ఈనెకీ లెక్క చెప్పాల్సిందే!

గడిలోని వివరాన్ని కొలిచే ఈ లెక్క ఎవరిదో తెలుసా? నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు! ఆ మూడో ఆయన పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరు వినగానే మనవాళ్లే అనిపించడం లేదూ! వాళ్ల పేపరు 1974 జనవరిలో అచ్చయింది. రాజమండ్రి రోడ్ కం రైల్ బ్రిడ్జి తెరిచిందీ ఆ ఏడాదే! ఇంకో గుట్టు వినండి. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ ఈ ఆలోచనకు సాయం అడిగితే, అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. ‘మరీ సులువుగా ఉంది’ అన్నారట ఒక పరిశీలకుడు! ఆ సులువైన లెక్కే ఇవాళ మీ ఫోన్‌లో ఫొటోలు మోస్తోంది. తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది నాకు!

మన కన్ను వెలుగుని పట్టినంత నిశితంగా రంగుని పట్టదు! అందుకే చాలా జేపెగ్ ఫొటోల్లో రంగు వివరం 4 వంతుల్లో 3 వంతులు తీసేస్తారు. అయినా కడియం నర్సరీ బంతిపువ్వు పచ్చగా నవ్వుతూనే ఉంటుంది!

గోదావరి ఆర్చి బ్రిడ్జి ఫొటో వెడల్పు 4000 పిక్సెళ్లా? 1000కి కుదించండి. ఎత్తూ అదే లెక్కన తగ్గుతుంది. పిక్సెళ్లు 16 వంతుల్లో ఒక్క వంతే మిగులుతాయి! వెబ్‌సైట్‌లో చూసేవాళ్లకి తేడా కనబడితే ఒట్టు! ముందు కుదింపు, ఆ తర్వాతే కంప్రెషన్. ఈ వరస మరవకండి!

ఆత్రేయపురం పూతరేకుల బోర్డు జేపెగ్‌లో పెట్టి బాగా నొక్కేశారా? ఒత్తుల చుట్టూ దుమ్ము లేస్తుంది! అక్షరాలకి పీఎన్‌జీ వాడండి. 1996లో వచ్చిన ఆ పద్ధతి ఒక్క పిక్సెల్ కూడా పాడుచేయదు!

2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ ఇంకా గట్టిది! అదే నాణ్యత, జేపెగ్ కన్నా పావు వంతుకు పైగా తేలిక అంటుంది గూగుల్!

ఆఖరిది అసలు వింత! బండారులంక సన్నగళ్ల చీర ఫొటో బాగా కుదించి చూడండి. చీర మీద లేని అలలు తేలతాయి! నేతగాడు నేయని డిజైనది! ఒక గీతకీ దాని పక్క ఖాళీకీ కలిపి కనీసం 2 పిక్సెళ్లయినా ఉండాలి. అవి చాలకే ఈ మాయ! కుదించే ముందు ఫొటోని కాస్త మసక చేయండి. అలలు సర్దుకుంటాయి, చీర చీరలా మిగులుతుంది!