పెట్రోలు పడవకు విద్యుత్ ప్రాణము

1898వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నికోలా టెస్లా ఒక చిన్న పడవను నీటిలో విడిచి, తీగ యనునది లేకుండ, దూరము నుండియే దానిని నడిపి చూపెను. చూచినవారు విస్తుపోయిరి. రేడియో తరంగముల ఆజ్ఞకు లోబడిన ఆ తొలి పడవ కడుపులో నుండినది పెట్రోలు ఇంజను కాదు. విద్యుత్ మోటారు, బ్యాటరీలు. కావున నేడు పెద్ద నమూనా పడవలలోని పెట్రోలు ఇంజనును తీసివేసి విద్యుత్ మోటారును అమర్చుట యనగా, ఒక విధముగ పుట్టింటికి మరలి వచ్చుటయే.

మేము ఇంజనీరింగు చదివినవారము కాము. భాషాబోధన మా వృత్తి. అయినను గుణకార భాగహారములు తెలిసిన ఏ విద్యార్థికైనను ఈ విషయము అందునదే యని మా నమ్మకము. ఆర్ట్సు వారు, సైన్సు వారు అను గోడను కొంత పలుచన చేయుటయే ఈ వ్యాసమున మా కోరిక.

మొదట పాత అమరికను చూతము. మీటరు పైచిలుకు పొడవుగల నమూనా పడవలలో తరచుగ 26 ఘన సెంటీమీటర్ల టూ-స్ట్రోక్ ఇంజను ఉండును. పెట్రోలులో ఆయిలు కలిపి పోయుదురు. త్రాడు లాగి స్టార్టు చేయుదురు. వంగెడు ఉక్కు ఇరుసు ఒకటి ఇంజను తిరుగుడును వెనుకనున్న ప్రొపెల్లరునకు అందించును. పరుగులో చెరువు నీరే సన్నని గొట్టము గుండ లోనికి వచ్చి, ఇంజనును చల్లార్చి, వెలుపలికి పోవును. వేగమునకు లోటు లేదు. కాని మోత చెవులు చిల్లులు పడునట్లుండును. నీటిపై ఆయిలు తెట్టు కట్టును. మార్పు కోరుటకు ఇవియే ముఖ్య కారణములు.

ఇక లెక్కకు వత్తము. ఇంజను శక్తి 2.5 అశ్వశక్తి అనుకొందము. ఒక అశ్వశక్తి 746 వాట్లు. కావున మనకు 1,865 వాట్లు కావలెను. మోటారులో కొంత శక్తి వేడిగ పోవును గనుక బ్యాటరీ నుండి సుమారు 2,200 వాట్లు తీయవలెను. లిథియం పాలిమర్ ఘటము ఒక్కొక్కటి 3.7 వోల్టులు. ఆరు ఘటములను వరుసగ కలిపిన 22.2 వోల్టులు, అప్పుడు తీగలలో దాదాపు 100 ఆంపియర్లు ప్రవహింపవలెను. పండ్రెండు కలిపిన 44.4 వోల్టులు, 50 ఆంపియర్లు చాలును. తీగలో పుట్టు వేడి ప్రవాహము యొక్క వర్గమును బట్టి యుండును. ప్రవాహము సగమైన వేడి నాలుగవ వంతగును. పెద్ద పడవకు ఎక్కువ వోల్టులు మేలనుటకు రహస్యమిదియే.

మోటారుపై 'కేవీ' అని ఒక అంకె ఉండును. అది కిలోవోల్టు కాదు. బరువు లేనప్పుడు ఒక వోల్టునకు నిమిషమునకు ఎన్ని చుట్లో చెప్పునది. పాత ఇంజను 16,000 చుట్లు తిరిగినదనుకొందము. 400 కేవీ మోటారు 44.4 వోల్టుల వద్ద 17,760 చుట్లు తిరుగును. ప్రొపెల్లరు బరువు పడగానే కొంత తగ్గి, ఇంచుమించు పాత లెక్కకే వచ్చును.

మరి ఎంతసేపు నడచును? ఇచటనే నిజమును దాచరాదు. 5 ఆంపియర్-గంటల బ్యాటరీలో 222 వాట్-గంటలుండును. దానిని పూర్తిగ పిండరాదు గనుక ఎనుబది శాతమే వాడిన, పూర్తి వేగమున అయిదు నిమిషములైనను నిండవు. కిలో పెట్రోలులో 12,000 వాట్-గంటలకు పైబడిన శక్తి కలదు. ఇట్టి బ్యాటరీలో కిలోకు 150 నుండి 200 మాత్రమే. చిన్న ఇంజను అందులో అధికభాగమును వేడిగ పోగొట్టినను పెట్రోలుదే పైచేయి. మనము కొనుచున్నది నిశ్శబ్దమును, శుభ్రతను. ఇచ్చుచున్న మూల్యము కాలము. బ్యాటరీని నింపు కరెంటు బొగ్గు నుండి వచ్చినదైనచో, పొగ చెరువు గట్టున కాక రామగుండము వంటి చోట పైకి లేచుననియు మరువరాదు.

ఏరు దాటి తెప్ప తగలేసినట్లు పాత ఇంజనును ఊడబెరికి పారవేయుట తగదు. మొదట పడవ ఏ బిందువు వద్ద తూగునో చూచి గుర్తు పెట్టుకొనవలెను. పెట్రోలు కాలిన కొలది పడవ తేలికపడును. బ్యాటరీ బరువు తరుగదు. కావున బ్యాటరీలను రెండు ప్రక్కల సమముగ, ముందు వెనుకలకు జరుపుటకు వీలుగ ఉంచి, పాత తూకమును తిరిగి సాధింపవలెను. నీటి గొట్టమును మూయరాదు. మోటారునకును, వేగమును నియంత్రించు స్పీడ్ కంట్రోలరునకును ఆ చల్లదనమే ఆధారము.

అన్నిటికంటె ముఖ్యమైన మాట వ్రేళ్ళను గూర్చినది. పెట్రోలు ఇంజను త్రాడు లాగనిదే తిరుగదు. విద్యుత్ మోటారు అట్లు కాదు. బ్యాటరీ కలిపిన క్షణము నుండి మేలుకొనియే యుండును. పొరపాటు సంకేతము ఒక్కటి అందిన చాలును, హెచ్చరిక లేకయే ప్రొపెల్లరు కత్తివలె తిరుగును. అందుచే పడవ పై భాగమున, సర్క్యూటును తెంచి కలుపు ప్లగ్గు ఒకటి అమర్చి, నీటిలో దింపునపుడు చివరగ కలిపి, ఒడ్డుకు రాగానే మొదట తీయవలెను. చేతిలోని ట్రాన్స్‌మిటరును ముందుగ వేసి, చివర ఆర్పవలెను. సంకేతము తెగినచో మోటారు తనంతట ఆగునట్లు సరిచూచుకొనవలెను. ఘటము 4.2 వోల్టులను మించరాదు. 3 వోల్టులకు దిగరాదు. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. ఛార్జింగు పెట్టి నిద్రపోరాదు. లిథియం మంట నీటితో సులభముగ లొంగునది కాదు.

ఇది ఆటబొమ్మల ముచ్చట మాత్రమే కాదు. 2017లో కేరళలోని వైకోము వద్ద 'ఆదిత్య' అను సౌరశక్తి పడవ ప్రయాణికులను దాటించుట మొదలిడెను. 2023లో కొచ్చిలో విద్యుత్ పడవల వాటర్ మెట్రో ప్రారంభమయ్యెను. అచ్చటి ఇంజనీర్లు వేసికొన్న లెక్కలును ఈ జాతివే: బరువెంత, వోల్టులెన్ని, ఎంత దూరము, ఎంత భద్రత. మన విద్యార్థులు ఇట్టి పడవను చేయబూనినచో, సామగ్రి కొనుటకు ముందు కాగితముపై ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసి, అధ్యాపకునికి చూపి, ఆ పిమ్మటనే స్క్రూడ్రైవరు పట్టవలెనని మా మనవి.