హెచ్చరించినవాడే బలయ్యాడు!

2018లో వచ్చిన ‘ది లూమింగ్ టవర్’ టీవీ సిరీస్ చూశారా? అందులో జెఫ్ డేనియల్స్ వేసిన జాన్ ఓనీల్ పాత్ర కల్పితం కాదండోయ్!

1952లో పుట్టిన ఓనీల్‌కి చిన్నప్పుడు ‘ది ఎఫ్.బి.ఐ.’ అనే టీవీ సీరియల్ అంటే పిచ్చి. ఆ పిచ్చితోనే ఎఫ్.బి.ఐ.లో చేరాడు... మొదట వేలిముద్రల గుమాస్తాగా! 1976లో ఏజెంటయ్యాడు. ఖరీదైన సూట్లు, రాత్రిళ్లు రెస్టారెంట్లు – అంతా హీరో ఫక్కీయే.

అల్ ఖైదా అమెరికా గడ్డ మీదే దెబ్బ తీస్తుందని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. విన్నదెవరు? 2000 అక్టోబరులో యెమెన్‌లోని ఏడెన్ రేవులో ‘కోల్’ యుద్ధనౌకపై బాంబుదాడి జరిగి 17 మంది నావికులు పోయారు. దర్యాప్తుకెళ్తే అక్కడి అమెరికా రాయబారితోనే పేచీ! ఆవిడ అతన్ని మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వలేదు. తప్పంతా పైవాళ్లదే అనలేం లెండి. రహస్య కాగితాలున్న బ్రీఫ్‌కేసుని హోటల్లో వదిలి బయటికెళ్తే దొంగలెత్తుకుపోయారు. కొన్ని గంటల్లో దొరికింది గానీ పరువు పోయింది.

విసిగిపోయి 2001 ఆగస్టులో ఉద్యోగం మానేశాడు. కొత్త కొలువెక్కడో తెలుసా? న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో, సెక్యూరిటీ అధికారిగా! 1993లో అక్కడ బాంబు పెట్టినవాళ్లు పని పూర్తి చేయడానికి మళ్లీ వస్తారని మిత్రుడితో అన్నాడు కూడా.

సెప్టెంబరు 11న మొదటి టవర్ నుంచి క్షేమంగానే బయటపడ్డాడు. కొడుకుతో ఫోన్లో మాట్లాడాడు. తర్వాత రెండో టవర్ వైపు నడిచాడు. 49 ఏళ్ల ఓనీల్ శవం శిథిలాల్లో దొరికింది.