రక్త క్యాన్సరు – కావలి జన్యువు

ఎముకల లోపలి మూలుగలో రక్తకణములు నిత్యము పుట్టుచుండును. అచ్చట పక్వము కాని తెల్లకణములు మితిమీరి పెరిగి, మంచి కణములకు చోటు లేకుండ జేయు వ్యాధికి అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా యని పేరు. విడువని నీరసము, మాటిమాటికి జ్వరము, చిగుళ్ళనుండి రక్తము కారుట, దెబ్బ తగులకయే ఒంటిపై కమిలిన మచ్చలు పడుట దీని లక్షణములు. ఇది త్వరగా ముదురును గనుక ఆలస్యము తగదు.

వ్యాధి యొక్కటే యైనను రోగులందరి గతి యొక్కటి కాదు. ఒకే మందుతో ఒకరు కోలుకొనగా మరియొకరికి గుణము కనబడదు. ఇందుకు ముఖ్యకారణములలో నొకటి జన్యువులందలి మార్పు.

కణముల పెరుగుదలను అదుపులో నుంచు జన్యువులను కణితి నిరోధక జన్యువు లందురు. వానిలో ప్రసిద్ధమైనది 17వ క్రోమోజోముపై నున్న టీపీ53. దాని వలన తయారగు పీ53 అను ప్రోటీనును శాస్త్రజ్ఞులు 1979లో కనుగొనిరి. అది క్యాన్సరును పెంచునదని తొలుత తలచిరి. అరికట్టునదని 1989 నాటికి తేలెను. కణములోని డీఎన్ఏ దెబ్బతిన్నచో ఇది కణవిభజనను నిలిపి మరమ్మతుకు వ్యవధి నిచ్చును. మరమ్మతు సాధ్యము కానిచో ఆ కణము తనంత తాను నశించునట్లు చేయును.

1973 నుండి వాడుకలో నున్న చికిత్సయందు సైటరబిన్ ఏడు దినములును, డౌనోరూబిసిన్ మూడు దినములును ఇత్తురు. ఇవి క్యాన్సరు కణముల డీఎన్ఏను దెబ్బతీయును. ఆ దెబ్బను గుర్తెరిగి కణమునకు చావు విధించుటలో పీ53 పాత్ర పెద్దది. కావలివాడే లేనిచోట కేక వేయువా డెవడు? కావుననే టీపీ53 చెడినవారికి ఈ మందులు తగినంత ఫలము నీయవు. వ్యాధి కొత్తగా బయటపడిన పెద్దలలో నూటికి సుమారు 5 నుండి 10 మంది ఇట్టివారు. 2022లో వెలువడిన యూరోపియన్ ల్యుకేమియానెట్ వర్గీకరణ వీరిని ప్రతికూల వర్గమున జేర్చినది.

ఈ మార్పు చాలమందికి పుట్టుకతో వచ్చినది కాదు, అంటునది కాదు, ఎవరి దోషమును కాదు. చికిత్సకు ముందే మూలుగను తీసి క్రోమోజోములను, జన్యువులను పరీక్షించినచో వైద్యుడు తగిన మార్గమును నిర్ణయింపగలడు. యోగ్యులైనవారికి దాత మూలుగ మార్పిడి యొక ఆశ. అది అందరికి ఫలింపకున్నను కొందరికి దీర్ఘాయువు నిచ్చినది. మన దేశమున ఈ చికిత్స 1983లో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో తొలిసారి జరిగినది.

పరీక్షాఫలితమును రోగికి తెలియనీయక దాచుట మన కుటుంబములలో తరచు కానవచ్చును. కఠినమైన చికిత్సను కోరుటయో, బాధను తగ్గించు చికిత్సతో ఇంటివారి నడుమ నుండుటయో నిర్ణయించుకొను హక్కు రోగిది. తెలిసికొన గోరు రోగికి నిజమును మెల్లగా, దయతో చెప్పవలెను.