ఇంటర్వ్యూ బోర్డు ముందు ఒక చిన్న ప్రోగ్రాం

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఎంపిక సాధారణంగా కొన్ని దశల్లో జరుగుతుంది: రాత పరీక్ష, సాంకేతిక ఇంటర్వ్యూ, చివర హెచ్.ఆర్. ఇంటర్వ్యూ. రాత పరీక్షకు పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. దాని సంగతి వదిలేద్దాం. బాగా చదివినవారు కూడా తడబడేది రెండో దశలోనే.

"ఆరోహణ క్రమంలో ఉన్న సంఖ్యల్లో ఫలానా సంఖ్య ఎక్కడుందో కనిపెట్టే ప్రోగ్రాం రాయండి" అని అడిగారనుకోండి. దీనికి బైనరీ సెర్చ్ అనే పద్ధతి ఉంది. నిఘంటువును మధ్యకు తెరిచి, కావలసిన మాట ముందుందో వెనకుందో చూసి, సగం పుటలను పక్కన పెట్టేయడం వంటిదే ఇది. మిగిలిన సగంలో మళ్లీ అదే పని. 2ను 20 సార్లు వేసి గుణిస్తే పది లక్షలు దాటుతుంది కనుక, పది లక్షల సంఖ్యల్లో వెతకడానికైనా 20 పోలికలు చాలు.

ఇంతేకదా అని చకచకా రాసేస్తారు. మధ్య స్థానం కోసం మొదటి స్థానాన్ని, చివరి స్థానాన్ని కూడి 2తో భాగిస్తారు. గణితంలో ఇది ఒప్పే. కంప్యూటర్‌లో తప్పు కావచ్చు! జావా భాషలో 32 బిట్ల పూర్ణసంఖ్య గరిష్ఠ విలువ 214,74,83,647. మొదటి స్థానం 120 కోట్లు, చివరిది 140 కోట్లు అయితే మొత్తం 260 కోట్లు. అది పట్టక రుణ సంఖ్యగా మారిపోతుంది. రెండింటి తేడాలో సగాన్ని మొదటిదానికి కలిపితే, 120కి 10 చేరి 130 కోట్లు వస్తుంది, ఇబ్బంది లేదు. జావా లైబ్రరీలోనే ఈ దోషం సుమారు 9 ఏళ్లు దాగి ఉంది. ఆ ప్రోగ్రాం రాసిన జాషువా బ్లాక్ స్వయంగా 2006లో ఈ సంగతి వివరించారు.

అంతటివారే పొరబడినచోట కొత్త పట్టభద్రులు పొరబడితే బోర్డు పెద్దగా పట్టించుకోదు. జాబితా ఖాళీగా ఉంటే? వెతికే సంఖ్య లేకపోతే ఏం తెలపాలి? ఇవి ముందే అడిగారా, రాశాక నాలుగైదు సంఖ్యలతో చేత్తో సరిచూశారా అన్నది గమనిస్తుంది. అడగకుండా ఊహించుకుని రాయడం మనవాళ్లకు అలవాటు. తరగతిలో ప్రశ్నలడగనివ్వని మా బోధన కూడా అందుకు కొంత కారణమే.

ఒకసారి మేం జరిపిన మాదిరి ఇంటర్వ్యూలో, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన ఒక అమ్మాయి పది నిమిషాలు మౌనంగా కూర్చుని ప్రోగ్రాం సరిగ్గానే రాసింది. ఇంగ్లిష్ తడబడుతుందన్న భయంతో నోరు విప్పలేదు. ఆమె ఆలోచన తెలియక తక్కువ మార్కులు వేశాం. తర్వాత "తెలుగులోనే చెప్పమ్మా" అన్నాను. ప్రతి మెట్టూ విడమరచి చెప్పింది. మరుసటి వారం అవే మెట్లను మూడేసి, నాలుగేసి ఇంగ్లిష్ మాటల్లో పైకి చెబుతూ రాయడం సాధన చేసింది. "లిస్ట్ ఈజ్ ఎంప్టీ, రిటర్న్ మైనస్ వన్" అంటూ మొదలుపెట్టింది.