పాత హ్యుందాయ్ ఎక్సెల్‌తో ర్యాలీలోకి: ముందు ఏ సీట్లో కూర్చోవాలి?

ఇవాళ్టి టాపిక్ మీలో చాలామంది కామెంట్లలో అడుగుతున్నదే. "అన్నా, నాకు కార్ రేసింగ్ అంటే పిచ్చి. మా ఇంట్లో కోట్లు లేవు. ఏదైనా దారి ఉందా?" ఉంది. కాకపోతే ఆ దారిలో నేను మొదటి అడుగే తప్పు వేశాను. అందుకని ముందు నా తప్పు చెప్పి, తర్వాత అసలు విషయంలోకి వెళ్దాం.

నేను మెల్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్న రోజులవి. ఒక యాడ్ చూశా. 1998 హ్యుందాయ్ ఎక్సెల్, "ర్యాలీకి రెడీ" అని రాసుంది. లోపల రోల్ కేజ్ ఉంది, బకెట్ సీట్లు ఉన్నాయి, డోర్ల మీద స్టిక్కర్లు కూడా ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకుని కొనేశా. ఆ సంక్రాంతికి ఇంటికి రావడానికి దాచుకున్న టికెట్ డబ్బులు కూడా అందులోనే పోశా. ఈవెంట్‌కి ఎంట్రీ ఫీజు కట్టి, ఆఫీసులో లీవ్ పెట్టి, బండి ట్రైలర్ మీద ఎక్కించుకుని వెళ్లా. అక్కడ స్క్రూటినీరింగ్ అని ఒకటి ఉంటుంది. స్టార్ట్‌కి ముందు బండిని, మన హెల్మెట్‌ని, డ్రెస్‌ని అన్నీ చెక్ చేస్తారు. ఆయన సీట్ బెల్ట్ లేబుల్ చూశాడు. డేట్ అయిపోయింది. కేజ్‌కి పేపర్లు అడిగాడు. నా దగ్గర లేవు. అంతే, స్టార్ట్ లేదు. నా బండి ట్రైలర్ మీదే ఉంది, నేను అడవిలో తాడు అవతల నిలబడి వేరేవాళ్ల బండ్లు చూశా. సంక్రాంతికి ఇంటికి కూడా రాలేదు.

బెల్టులు మార్చొచ్చు. కానీ పేపర్లు లేని కేజ్ అంటే దాదాపు ఇనుప సామాను కింద లెక్క. సో, ఈ ఎపిసోడ్ మొత్తం మీకు ఆ రోజు రాకుండా ఉండటానికే.

ర్యాలీ అంటే ఏంటి?

సర్క్యూట్ రేస్‌లో అందరూ ఒకేసారి బయల్దేరతారు. ర్యాలీలో అలా కాదు. మూసేసిన రోడ్డు మీద ఒక్కో బండినీ నిమిషం, రెండు నిమిషాల గ్యాప్‌తో వదులుతారు. ఆ ముక్కని స్పెషల్ స్టేజ్ అంటారు. అన్ని స్టేజీల టైమ్ కలిపి ఎవరిది తక్కువైతే వాళ్లదే గెలుపు. ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కి మాత్రం మామూలు రోడ్డు మీదే వెళ్లాలి. అక్కడ సిగ్నళ్లు, స్పీడ్ లిమిట్, పోలీసులు అన్నీ ఉంటాయి. అంటే మీ రేస్ కారు రోడ్డు మీద తిరగడానికి కూడా అర్హత ఉన్న బండి అయి ఉండాలి. బండిలో ఇద్దరుంటారు. ఒకరు డ్రైవర్, రెండోది కో-డ్రైవర్. ఆ రెండో మనిషి గురించి మళ్లీ వస్తా, అసలు కిటుకు అక్కడే ఉంది.

మరి ఒకే మోడల్ ఎందుకు?

డబ్బున్నవాడు పెద్ద ఇంజిన్ పెడతాడు, టర్బో పెడతాడు. మనం వాడి దుమ్ము తింటూ వెనకాల వెళ్తాం. వన్-మేక్ సిరీస్‌లో ఆ గొడవ ఉండదు. అందరిదీ ఒకే మోడల్. ఇంజిన్ దాదాపు కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి. ఏది మార్చొచ్చు, ఏది మార్చకూడదు అన్నది రూల్ బుక్‌లో రాసుంటుంది. బండి పాతది కాబట్టి చవక అని అందరూ అనుకుంటారు. నిజానికి చవక చేసేది రూల్ బుక్. రేపు పక్కోడు ఇంజిన్ మీద లక్షలు పెడితే మీరూ పెట్టాలి అనే పోటీని అది మొదట్లోనే ఆపేస్తుంది.

ఆస్ట్రేలియాలో ఈ పనికి దొరికిన బండి హ్యుందాయ్ ఎక్సెల్. అందులోనూ 1994 నుంచి 2000 వరకు అమ్మిన ఎక్స్3 మోడల్. 1.5 లీటర్ ఇంజిన్, ఫ్రంట్ వీల్ డ్రైవ్, బరువు సుమారు ఒక టన్ను. అప్పట్లో 13,990 డాలర్లు, ఆన్-రోడ్ ధర అని యాడ్ ఇచ్చి కుప్పలు కుప్పలుగా అమ్మారు. ఎక్కువ అమ్ముడైంది కాబట్టి తుక్కు యార్డుల్లో స్పేర్లు దొరికాయి. ఇదే బండి అమెరికాలో యాక్సెంట్ పేరుతో అమ్మారు. మన దేశంలో 1999లో వచ్చిన యాక్సెంట్ దీని తర్వాతి తరం. అంటే మన బాబాయిల బండికి అన్నయ్య అనుకోండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. చివరి ఎక్సెల్‌కి కూడా ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. తుప్పు పట్టనివి తగ్గిపోతున్నాయి. స్పేర్లు అప్పటంత ఈజీగా దొరకవు. అందుకే అదనంగా ఒక గేర్‌బాక్స్, రెండు డ్రైవ్ షాఫ్టులు దొరికినప్పుడే కొని పెట్టుకుంటారు.

ఖర్చుని మూడు డబ్బాల్లో వేద్దాం

కోడింగ్ చేసే బుర్ర కదా, నేను దీన్ని మూడు డబ్బాలుగా చూస్తా.

మొదటి డబ్బా, ఒకసారి పెట్టేది. కారు, కేజ్, సస్పెన్షన్, కింద ఇంజిన్‌కి రాళ్లు తగలకుండా వేసే సంప్ గార్డ్. ఇందులో మామూలు పాత కారు కన్నా కేజ్, సేఫ్టీ సామానే ఎక్కువ అవుతుంది.

రెండోది, డేట్ అయిపోయేది. సీట్లు, బెల్టులు. వీటికి మందుల షీట్ లాగా ఎక్స్‌పైరీ ఉంటుంది. ఉదాహరణకి ఎఫ్ఐఏ 8855-1999 స్టాండర్డ్ సీటుకి తయారైన రోజు నుంచి 5 ఏళ్లు. మీరు ఎప్పుడు కొన్నారన్నది కాదు, ఎప్పుడు తయారైంది అన్నదే లెక్క. నన్ను ముంచింది ఈ డబ్బానే.

మూడోది, ప్రతి ఈవెంట్‌కీ అయ్యేది. ఎంట్రీ ఫీజు, టైర్లు, పెట్రోల్, ట్రైలర్, రాత్రి రూమ్. ఇది నెలసరి రీచార్జ్ లాంటిది, ఆగదు. చాలామంది మొదటి డబ్బాలోనే మొత్తం డబ్బు పోసేస్తారు. బండి షెడ్‌లో మెరుస్తూ ఉంటుంది, ఈవెంట్‌కి వెళ్లడానికి చేతిలో రూపాయి ఉండదు. నా లెక్క ఏంటంటే, మూడు ఈవెంట్లకి సరిపడా డబ్బు పక్కన పెట్టాకే బండి కొనాలి. లోన్ మాత్రం వద్దు. చెట్టుకి గుద్దుకున్న బండికి కూడా ఈఎంఐ కట్టాల్సిందే. మామూలు కార్ ఇన్సూరెన్స్ స్టేజ్ మీద జరిగినదానికి పనికిరాదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

సొంతంగా తయారు చేయించే కన్నా, ఆ సిరీస్‌లో ఇప్పటికే తిరుగుతున్న బండి కొనడం మేలు. అడగాల్సినవి ఇవి. లాగ్ బుక్ ఉందా? కేజ్ పేపర్లు ఉన్నాయా? సీట్లు, బెల్టుల లేబుల్ మీద డేట్ ఎంత? ఫోన్‌తో ఫొటో తీయండి. చివరగా ఏ ఈవెంట్ ఫినిష్ చేసింది? కార్పెట్ కింద తుప్పు ఉందా? సస్పెన్షన్ బిగించే చోట పగుళ్లు ఉన్నాయా? ఆయన ఎంత బాగుందని చెప్పినా సరే, కొన్న వెంటనే టైమింగ్ బెల్ట్ మార్చండి. ఆ ఏడాది రూల్ బుక్ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకుని, బండి పక్కన నిలబడి ఒక్కో లైన్ సరిచూసుకోండి. నేను ఆ ఒక్క పని చేసి ఉంటే ఆ సంక్రాంతికి ఇంట్లో ఉండేవాణ్ణి.

అసలు కిటుకు: ఎడమ సీటు

ఆస్ట్రేలియాలో కూడా మనలాగే స్టీరింగ్ కుడి వైపు. కో-డ్రైవర్ కూర్చునేది ఎడమ సీటు. బండి కొనకుండానే ర్యాలీలోకి వెళ్లే దారి అదే. లైసెన్స్, హెల్మెట్, మెడకి హాన్స్ డివైస్, ఫైర్ సూట్ కావాలి. ఖర్చు ఉంటుంది, కానీ బండి ఖర్చులో అది చిన్న ముక్క. అక్కడ లైసెన్స్ ఇచ్చేది మోటార్‌స్పోర్ట్ ఆస్ట్రేలియా, 2020కి ముందు కామ్స్ అనేవాళ్లు. ఒక క్లబ్‌లో చేరి, ముందు వాలంటీర్‌గా రెండు ఈవెంట్లలో పని చేస్తే చాలు, కో-డ్రైవర్ కోసం వెతికేవాళ్లు కనిపిస్తారు. నాకు అలాగే దొరికింది.

కో-డ్రైవర్ పని పక్కన కూర్చుని భయపడటం కాదు. పేస్ నోట్స్ చదవాలి. "లెఫ్ట్ 3, 50, క్రెస్ట్, రైట్ 5, లోపలికి కోయొద్దు" ఇలా ఉంటుంది. 50 అంటే మీటర్లు. చాలామంది వాడే పద్ధతిలో 1 అంటే బాగా ముడుచుకున్న మలుపు, 6 అంటే దాదాపు తిన్నగా ఉన్నది. ముందే చెప్తే డ్రైవర్ మర్చిపోతాడు, ఆలస్యమైతే చెట్టు వస్తుంది. నా మొదటి స్టేజ్‌లో ఒక లైన్ తప్పి, మూడు మలుపుల దాకా దొరకలేదు. డ్రైవర్ అరవలేదు, స్పీడ్ తగ్గించి "ఎక్కడున్నామో చూసుకో" అన్నాడు. ఆ రోజు చివర్నుంచి రెండో ప్లేస్ వచ్చింది. ఫినిష్ చేశాం కదా, ఇద్దరం ఎగిరి గంతేశాం.

ఎడమ సీటు చిన్నది అనుకోకండి. కోరల్ టేలర్ అనే ఆమె నీల్ బేట్స్ పక్కన కూర్చుని నాలుగుసార్లు ఆస్ట్రేలియా ఛాంపియన్ అయింది. ఆమె కూతురు మోలీ టేలర్ 2016లో డ్రైవర్‌గా అదే టైటిల్ గెలిచింది. 2013లో మన గౌరవ్ గిల్ ఏషియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్ అయినప్పుడు పక్క సీట్లో ఉన్నది ఆస్ట్రేలియాకి చెందిన గ్లెన్ మెక్‌నీల్.

మరి మన దగ్గర?

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ చూశాం. చూడ్డానికి బాగుంది, కానీ అందులోకి మనం దిగలేం. ర్యాలీలోకి దిగొచ్చు. ఇండియాలో మోటార్ స్పోర్ట్స్‌ని చూసేది ఎఫ్ఎమ్ఎస్‌సీఐ. లైసెన్స్, రూల్స్ అక్కడే. నేషనల్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో పాత మారుతి జిప్సీలు కూడా పరిగెత్తాయి. లెక్క అదే: ముందు రూల్ బుక్, తర్వాత ఎడమ సీటు, ఆ తర్వాతే బండి.

మా అమ్మకి మొదట చెప్పినప్పుడు, "ఏరా, చదివించింది దీనికా?" అంది. వీడియో కాల్‌లో కేజ్ చూపించా, ఆరు చోట్ల పట్టే బెల్ట్ చూపించా, రోడ్డు మూసేస్తారని, అంబులెన్స్ రెడీగా ఉంటుందని చెప్పా. కాసేపు ఆగి, "మరి నువ్వు ఇక్కడున్నప్పుడు రాత్రి పూట అవుటర్ రింగ్ రోడ్డు మీద తిరిగావే, అప్పుడు ఇవన్నీ ఉన్నాయా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. మీలో ఎవరైనా ఆ రోడ్డు మీద అదే పని చేస్తుంటే, ఆ ప్రశ్న మీకు కూడా.

డౌట్స్ ఉంటే కామెంట్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో పేస్ నోట్స్ ఎలా రాయాలో, పేపర్, పెన్సిల్ పెట్టుకుని కూర్చుందాం. ఉంటా మరి, జాగ్రత్త.